టామీ జాన్ కథ సగమే తెలుసు మనవాళ్లకి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో మన తెలుగు పిల్లలు బేస్‌బాల్ కూడా ఆడుతున్నారు, మా అబ్బాయి పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బంతి వేసేవాడు. టోర్నమెంట్లకి వెళ్తే తల్లిదండ్రుల నోట ఒక మాట వింటున్నాను: మోచేయి పోతే ఏముంది, టామీ జాన్ సర్జరీ (మోచేతి లిగమెంట్ ఆపరేషన్) చేయిస్తే ఇంకా స్పీడుగా వేస్తారట అని. ఈ నమ్మకం చాలా ప్రమాదం. అసలు ఆ సర్జరీకి పేరొచ్చిన పిచ్చర్ టామీ జాన్‌కి ఏం జరిగిందో మీ పేపర్లో రాస్తే బాగుంటుంది.

1974 జులై నాటికి బేస్‌బాల్ జట్టు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌లో 13 గెలుపులు, 3 ఓటములతో మంచి ఊపు మీదున్నాడాయన. ఎడమచేతి పిచ్చర్, వయసు 31. అప్పుడే మోచేతి లోపలివైపు లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టే పట్టీ) తెగింది. ఆ రోజుల్లో అది తెగితే ఇక ఇంటికే. సెప్టెంబర్‌లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆయన కుడి ముంజేతిలోంచి ఒక టెండన్ (కండని ఎముకకి కలిపే తాడు) తీసి ఎడమ మోచేతిలో వేశారు. బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు కాస్త వంచితే చర్మం కింద తాడులా లేస్తుందే, అదే ఆ టెండన్. కొందరికి పుట్టుకతోనే ఉండదు, అయినా చేతికి లోటేమీ రాదు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒక్కటే అన్నారు డాక్టర్. తర్వాత నరం ఇబ్బంది పెట్టి వేళ్లు వంకర తిరిగితే ఇంకో ఆపరేషన్, 1975 సీజన్ మొత్తం పోయింది.

1976లో తిరిగొచ్చి 1989 దాకా, 46 ఏళ్ల వయసు వరకు ఆడాడు. మొత్తం 288 గెలుపుల్లో 164 ఆపరేషన్ తర్వాతవే, 20కి తగ్గకుండా గెలిచిన మూడు సీజన్లూ అప్పుడే వచ్చాయి. అంత చేసినా బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటివ్వలేదు, అది అన్యాయమే అంటాను నేను. కానీ ఆయన గెలిచింది స్పీడుతో కాదు. సింకర్ వేసేవాడు, బ్యాటర్ దగ్గరికొచ్చాక బంతి కిందికి దిగిపోతుంది, కొడితే నేలబారుగా వెళ్తుంది, ఫీల్డర్లు ఔట్ చేసేస్తారు. పైగా అది పూర్తిగా ఎదిగిన మనిషి చెయ్యి. ఎముకలింకా ముదరని పదమూడేళ్ల పిల్లాడికి ఆ లెక్క ఎలా వర్తిస్తుంది? పిల్లలకి ఈ ఆపరేషన్లు జరుగుతుంటే బాధగా ఉందని టామీ జాన్ గారే చెప్పారు.

అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ నడిపే మేజర్ లీగ్, ఆ దేశ బేస్‌బాల్ సంఘం యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో పిచ్ స్మార్ట్ అని మార్గదర్శకాలు పెట్టాయి. 9, 10 ఏళ్లవాళ్లు రోజుకి 75 బంతులు మించకూడదు, 11, 12 ఏళ్లకి 85, 13, 14 ఏళ్లకి 95. పద్నాలుగేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలు ఒక రోజులో 66 లేదా అంతకంటే ఎక్కువ బంతులు వేస్తే నాలుగు రోజులు రెస్ట్ ఇవ్వాలి. చిక్కెక్కడంటే, పిల్లాడు రెండు టీముల్లో ఆడితే ఏ కోచ్ లెక్క ఆ కోచ్‌దే, శనివారం ఇక్కడ వేసినవి ఆదివారం అక్కడ ఎవరికీ తెలియవు. రెండూ కలిపి రాసుకోవాల్సింది తల్లిదండ్రులే. ఆ పట్టిక మొత్తం మీ క్రీడా పేజీలో ఒక్కసారి వేయండి, ఇక్కడి వాట్సాప్ గ్రూపులన్నిటికీ నేను పంపిస్తాను.

— ఒక పాఠకుడు, టెక్సస్