సెల్ఫ్ స్విచ్‌ల గురించి మన పాత కస్టమర్లకి ఒక మాట

అందరికీ నమస్కారం. పికప్ డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది, బెజవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో సెల్ఫ్ (ఇంజిన్ స్టార్ట్ చేసే మోటార్) రిపేర్ చేయిస్తే నెల తిరక్కముందే మోటార్ కాలిపోయింది, అటు పోకండి అని. షాపు పేరు చెప్పలేదు గానీ బండి గుర్తులు చెప్పిన తీరుకి అది నా షాపేనని మా టీ కుర్రాడికి కూడా తెలిసిపోయింది. అవును, నాదే. మోటార్ కాలిన మాట నిజం. నాకు పని రాక కాలిందన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఏం జరిగిందో నేనే చెప్తా, విన్నాక మీ ఇష్టం.

బండి టాటా మొబైల్ 206. 1988లో వచ్చిన మోడల్, ఇప్పటి కుర్రాళ్లు చాలామంది చూసి కూడా ఉండరు. 483 ఇంజిన్, అంటే నాలుగు సిలిండర్లు, 83 మిల్లీమీటర్ల బోరు, 1948 సీసీ డీజిల్. నూజివీడు వైపు నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయలు తోలే బండి అది. ఓనరు గారు మా నాన్న టైం నుంచి వస్తున్న మనిషి, నన్ను ఇప్పటికీ అబ్బాయ్ అనే పిలుస్తారు. వాయిస్ మెసేజ్ పెట్టింది ఆయన కాదు, అది ముందే చెప్తున్నా, అనవసరంగా ఆయన్ని ఎవరూ అడగొద్దు.

కంప్లయింట్ ఏంటంటే కీ తిప్పితే టక్ అని ఒక్క సౌండ్, అంతే, తిరగదు. బాగా ఓపిక పడితే ఎప్పుడో ఒకసారి తిరుగుతుంది. అప్పటికే వేరే చోట కొత్త బ్యాటరీ వేయించేశారు, అయినా అదే గోల. నేను మీటర్ పెడితే బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు. కీ తిప్పించి అవే పోస్టుల మీద చూస్తే 11 పైనే నిలబడింది. సెల్ఫ్ పని తెలిసినోడికి ఇక్కడే సగం అర్థమైపోవాలి. బ్యాటరీ వీక్ అయినా మోటార్ జామ్ అయినా వోల్టేజ్ ఢామ్మని కిందకి పడిపోతుంది, 9.6 కంటే దిగిపోతుంది. ఇక్కడ పడట్లేదంటే బ్యాటరీలో ఉన్న కరెంటు అసలు మోటార్ దాకా పోవట్లేదు, దారిలో ఎక్కడో అడ్డం పడుతోంది. అందుకని మీటర్ ఒక వైరు బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఇంకోటి సెల్ఫ్ మోటార్ బాడీ మీద పెట్టి కీ తిప్పించా. అర వోల్టు లోపు ఉండాలి, రెండు దాటింది. ఛాసిస్ నుంచి ఇంజిన్‌కి వచ్చే ఎర్త్ పట్టీ, అంటే బ్యాటరీ మైనస్‌ని ఇంజిన్‌కి కలిపే పట్టీ, పైకి బాగానే కనిపిస్తోంది గానీ బోల్టు కింద పచ్చగా చిలుమెక్కి చేత్తో లాగితే పోగులు పోగులుగా ఊడొచ్చింది. అది మార్చా. తర్వాత సోలినాయిడ్ స్విచ్, అంటే కీ తిప్పితే సెల్ఫ్ మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్, దాని రెండు పెద్ద బోల్టుల మధ్య చూస్తే అక్కడా వోల్టు పైనే పోతోంది. విప్పితే లోపల రాగి బిళ్ల కాలిపోయి ఉంది, ఇంతకుముందే ఎవరో తిరగేసి రెండో వైపు కూడా వాడేశారు. ఇక వేరే దారి లేదు, కొత్త స్విచ్. మోటార్ లోపల అరిగే బ్రష్‌లు, బుష్‌లు ఎలాగూ అయిపోయాయి, అవీ వేశా. బండి సర్రున తిరిగింది.

ఎర్త్ పట్టీ ముక్క మార్చి వేలు గుంజాడని కూడా ఆ మెసేజ్‌లో ఉంది. ఆ పట్టీ మార్చకుండా కొత్త మోటార్ తెచ్చి పెట్టినా టక్ అనే అంటుంది, బ్యాటరీ మార్చినోళ్లకి ఆ ముక్క తెలిసుంటే ఓనరు గారికి బ్యాటరీ ఖర్చు మిగిలేది. సరే, వదిలేద్దాం.

అసలు గొడవ ఆ కొత్త స్విచ్ దగ్గర వచ్చింది. ఒకరోజు రాత్రి నున్నలో లైన్లో ఉండగా డ్రైవర్ స్టార్ట్ చేశాడు, ఇంజిన్ అందుకుంది, కీ వదిలేశాడు, సెల్ఫ్ మాత్రం విడవలేదు. కీ మొత్తం బయటికి తీసినా కుయ్యిమని ఏడుస్తూనే ఉంది. పాపం స్పానర్ వెతుక్కుని బ్యాటరీ టెర్మినల్ ఊడబీకేసరికి పొగ వచ్చేసింది, మోటార్ లోపల తిరిగే ఆర్మేచర్ టంకం కరిగి కేసింగ్ లోపలంతా చిమ్మింది. వెనక ఉన్న బళ్లవాళ్లు వీడియో కూడా తీశారంట, తియ్యరూ మరి.

ఆ స్విచ్ షాపుకి తెచ్చి బెంచీ మీద విప్పా. లోపల జరిగే పని ఇంతే, కీ తిప్పగానే కాయిల్ ప్లంజర్ అనే ఇనుప కడ్డీని లాగుతుంది, ప్లంజర్ ఒక పక్క ఫోర్కుతో పినియన్ అనే చిన్న పళ్ల చక్రాన్ని ఇంజిన్ ఫ్లైవీల్ పళ్లలోకి తోస్తుంది, ఇంకో పక్క బిళ్లని రెండు బోల్టులకీ ఆనిస్తుంది, అప్పుడు బ్యాటరీ కరెంటు మోటార్‌కి పోతుంది. కీ వదిలితే స్ప్రింగు బిళ్లని వెనక్కి లాగేయాలి. ఇక్కడ బిళ్ల ఒక బోల్టుకి వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోయింది, సుత్తితో కొట్టినా ఊడదు. స్క్రూడ్రైవర్‌తో పెకిలించి ఎందుకో అనుమానం వచ్చి మాగ్నెట్ దగ్గర పెట్టా. టప్పున పట్టేసింది. రాగి మాగ్నెట్‌కి అంటదు కదా. ఫైలు పెట్టి రెండు గీతలు గీస్తే పైన ఎర్రటి పూత, కింద తెల్లగా ఇనుము. ఇనుములో కరెంటు పోవడం రాగితో పోలిస్తే దాదాపు ఆరో వంతే, డీజిల్ బండి స్టార్టింగ్‌లో రెండొందల ఆంపియర్లు తేలిగ్గా లాగుతుంది, ఇక వేడెక్కి అతుక్కోక ఏం చేస్తుంది.

డబ్బా మీద పేరున్న కంపెనీ స్టిక్కరే ఉంది, అది ఆ కంపెనీ సరుకు కాదని ఇప్పుడు తెలుస్తోంది. ఇచ్చింది మాకు ఏళ్ల తరబడి స్పేర్లు వేస్తున్న సప్లయర్. ఫోన్ చేస్తే ముందు ఆయన అన్న మాట, మీ డ్రైవర్ కీ ఎక్కువసేపు పట్టుకుని ఉంటాడులే అని. మాగ్నెట్ జేబులో వేసుకుని వెళ్లి కౌంటర్ మీదే అదే లాటువి విప్పించా. కొన్నింటికి పట్టింది, కొన్నింటికి పట్టలేదు, అంటే మంచివాటిలో ఇవి కలిపేశారు. ఎవరు కలిపారో నాకు తెలీదు, ఆయనకీ తెలియకపోవచ్చు, అది కూడా ఒప్పుకుంటా. కానీ ఆయన నా మొహం మీదే, బజారంతా ఇవే వాడుతున్నారు నీ ఒక్కడికేంటయ్యా నొప్పి అన్నారు చూడండి, అది మింగుడుపడలేదు.

అయినా వెంటనే మానేయలేకపోయా. మా నాన్న షాపు పెట్టినప్పుడు అడ్వాన్సు లేకుండా సరుకు పెట్టిన మనిషి. కరోనా టైంలో ఆటోనగర్ మూసేసినప్పుడు మిగతావాళ్లు బాకీల కోసం ఫోన్లు చేస్తుంటే ఈయన ఒక్కసారి కూడా అడగలేదు. అలాంటి మనిషి దగ్గర కొనడం ఆపేయడమంటే మాటలా. రాత్రిళ్లు పడుకుంటే అదే ఆలోచన, ఇంట్లో ఏమో ఇంకా ఎన్నాళ్లు తేలుస్తావని సతాయింపు, పోనీ స్విచ్‌లు మాత్రం వేరే చోట తీసుకుని బ్రష్‌లు, బుష్‌లు ఈయన దగ్గరే తీసుకుందామా అని కూడా అనుకున్నా. బ్రష్‌లో ఏం కలిపారో ఏ మాగ్నెట్‌తో చూడాలి? ఆఖరికి మొత్తం మానేశా. మానేశాక ఆయన బజార్లో నేను బాకీ ఎగ్గొట్టడానికే ఈ వంక పెట్టానని అన్నారంట. ఆ సాయంత్రమే భార్య గాజులు బ్యాంకులో పెట్టి పైసాతో సహా కట్టేసి రసీదు రాయించుకున్నా. రసీదు ఫోటో షాపులో గోడకి అంటించా, ఎవరికైనా డౌటుంటే వచ్చి చదువుకోవచ్చు.

ఇక మీ విషయం. మామిడికాయల బండికి ఆర్మేచర్ వైండింగ్ నేనే కట్టి, మంచి స్విచ్ వేసి ఇచ్చేశా, డబ్బులు తీసుకోలేదు. ఆ లాటు స్విచ్ నా దగ్గర వేయించుకున్న మిగతా వాళ్లందరూ బండి తీసుకుని రండి, స్విచ్ మార్చి ఇస్తా, లేబర్ కూడా వద్దు. డబ్బులు తిరిగివ్వాలని గ్రూపులో కొందరు అంటున్నారు. ఇవ్వను. పని మళ్లీ చేసిస్తా, నేను చేసేది పని.

వచ్చేలోపు ఒకవేళ సెల్ఫ్ విడవకపోతే కీ తిప్పుతూ కూర్చోకండి, ముందు బ్యాటరీ టెర్మినల్ పీకండి, దానికి సరిపడే స్పానర్ డ్యాష్‌బోర్డులో పడేసుకోండి. పది సెకన్ల కంటే ఎక్కువ సెల్ఫ్ కొట్టొద్దు, తిరక్కపోతే అర నిమిషం ఆగి కొట్టండి. హీటర్ ప్లగ్గులున్న పాత ఇంజిన్లయితే పొద్దున్నే హీటర్ లైటు ఆరేదాకా ఆగండి బాబూ, ఆ నాలుగు క్షణాలకి ఏం కొంపలు మునగవు. స్క్రూడ్రైవర్ పెట్టి స్విచ్ పెద్ద బోల్టులు రెండూ షార్ట్ చేసే అలవాటు ఉన్నోళ్లకి ఒక మాట, అలా చేస్తే మోటార్ ఒక్కటే గిర్రున తిరుగుతుంది, పినియన్ పళ్లలోకి పోదు, ఇంజిన్ తిరగదు. మోటార్ బాగుందా స్విచ్ పోయిందా అని చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇకనుంచి స్విచ్‌లు కంపెనీ డీలర్ దగ్గరే తెస్తున్నా. రేటు దాదాపు రెట్టింపు పడుతుంది, పాత మోడళ్లకి ఆర్డర్ పెట్టాలి కాబట్టి బండి ఒక రోజు ఉంచాల్సి రావచ్చు. తీసేసిన పాత సామాను మీ చేతికే ఇస్తా. మీటర్ పెట్టకుండా మోటార్ మార్చెయ్ అని తొందరపెడితే మాత్రం చెయ్యను, అంత అర్జంట్ అయితే పక్క లైన్లో బోలెడు షాపులున్నాయి.

షాపు ఆదివారం మధ్యాహ్నం దాకా కూడా తెరిచే ఉంటుంది, మామిడి సీజన్ అయ్యేదాకా. బిల్లు పోయినా పర్లేదు. నేను బిగించిన ప్రతి స్విచ్ బాడీ మీద కింద వైపు చిన్న పంచ్ గుర్తు కొడతా, అది చూసి మార్చేస్తా. గుర్తు లేని స్విచ్ తెచ్చి నాదేనని మాత్రం గొడవ పెట్టుకోకండి.