మురుగు బురదను సిమెంటు బట్టీలకు పంపండి
మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో మిగిలే బురదను ఖాళీ స్థలాల్లో కుమ్మరించడం ఆపాలి. నీళ్లు శుద్ధయ్యాయని సంబరపడతాం కానీ, అందులోని మురికి పూర్తిగా మాయమైపోదు, మిగిలింది స్లడ్జ్ అనే బురదగా అడుగున చేరుతుంది. హైదరాబాద్ శివార్లలో మా కాలనీ వెనక రాత్రిపూట ట్రాక్టర్లతో పోసిన గుట్ట పైన ఎండి పెచ్చులు పెచ్చులుగా పగిలింది, కర్రతో కదిపితే లోపలంతా నల్లటి జిగురు. రెండు వానలకే అది నాలాలో కలిసింది. డబ్బు ఖర్చుపెట్టి వేరుచేసిన మురికిని మళ్లీ నీళ్లలోకే వదలడం ఏం లెక్కో! నిజానికి ఇది సిమెంటు ఫ్యాక్టరీలకు పనికొచ్చే సరుకు. గిరగిరా తిప్పి నీరు తీసే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో పిండాక కూడా ఇందులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే కాబట్టి ముందు బాగా ఆరబెట్టాలి. ఆరాక 1,400 డిగ్రీలు దాటే వేడిలో క్లింకర్ (పొడి చేస్తే సిమెంటు అయ్యే గట్టి ఉండలు) తయారుచేసే బట్టీలో కొంత బొగ్గుకు బదులు మండుతుంది, బూడిదలోని సిలికా, అల్యూమినా, ఇనుము, సున్నం క్లింకర్‌లోనే కలిసిపోతాయి. భాస్వరం ఎక్కువైతే సిమెంటు గట్టిపడటం ఆలస్యమవుతుంది, అందుకే మోతాదు మించకూడదు. జపాన్‌లో చెత్త కాల్చిన బూడిదతో ఎకోసిమెంటు 2001 నుంచే తయారవుతోంది. మనకు నల్గొండ, తాండూరు వైపు ఫ్యాక్టరీలు దగ్గర్లోనే ఉన్నాయి. శుద్ధి కేంద్రాల్లో సోలార్ షెడ్లు వేసి బురదను ఆరబెట్టి, లోడు లోడుకూ పాదరసం, సీసం పరీక్షించి అక్కడికి పంపాలి. 
– ఓ పాఠకుడు, హైదరాబాద్