పాలు పెంచే సూదులపై రైతులకు నిజం చెప్పాలి

సంపాదకులు గారికి,

పలమనేరు, పుంగనూరు వైపు పాల కేంద్రాల దగ్గర ‘సూది వేస్తే పాలు పెరుగుతాయి’ అనే మాట తరచూ వినబడుతోంది. రెండు వేరువేరు హార్మోన్లను ఒకటిగా కలిపేసి చెబుతున్నారు. వాటిలో ఒకటైన ఆక్సిటోసిన్ పొదుగులో ఉన్న పాలు చేపుకొచ్చి కిందికి దిగేలా చేస్తుందంతే, కొత్తగా పాలు పుట్టించదు.

నిజంగా పాలు పెంచేది ఎదుగుదల హార్మోన్ సొమాటోట్రోపిన్. అమెరికా 1993లో అనుమతించింది. రెండు వారాలకోసారి వేస్తే పాలు సుమారు 10 నుంచి 15 శాతం పెరుగుతాయి. అవి ఎక్కడి నుంచి వస్తాయి? ఈ హార్మోన్ ఆవు ఒంట్లోని కొవ్వును కరిగిస్తుంది, గ్లూకోజ్‌ను కండకు తగ్గించి పొదుగుకు మళ్ళిస్తుంది. కొన్ని వారాలకు ఆవు మేత ఎక్కువ తినడం మొదలుపెడుతుంది. ఆ మేత, దాణా అందకపోతే చిక్కిపోతుంది, చూలు నిలవదు. పొదుగువాపు, కుంటు పెరుగుతాయన్న కారణంతోనే కెనడా 1999లో దీన్ని తిరస్కరించింది. ఎండాకాలంలో పచ్చిగడ్డికే కటకటలాడే మన చిత్తూరు జిల్లాలో, ఒకటి రెండు జెర్సీ ఆవుల మీద బతికే ఇళ్ళు ఈ నష్టాన్ని తట్టుకోలేవు.

ఆవు ఆరోగ్యం చెడేలా పాల కోసం సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. ఈ సంగతి చాలామంది రైతులకు తెలియదు. పశుసంవర్ధక శాఖ, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వారు పొద్దున పాలు పోసే వేళకు కేంద్రాల దగ్గరికే వచ్చి చెప్పాలి. డాక్టరు చీటీ లేకుండా ఆక్సిటోసిన్ అమ్మే షాపులపై తనిఖీలు జరగాలి.

ఒక పాడి రైతు, పలమనేరు