'గుండె పెద్దదైంది' అంటే ఎంత?

సంపాదకులకు నమస్కారం.

దగ్గుతోందని పామరేనియన్‌నో పగ్‌నో గుండె స్కానింగుకు (ఎకోకు) తీసుకెళ్తే, చాలా రిపోర్టుల్లో 'గుండె కాస్త పెద్దదైంది' అన్న ఒక్క ముక్కే రాసి ఇస్తున్నారు. ఎంత పెద్దదైందో ఉండదు, ఆ రోజు కుక్క బరువెంతో ఉండదు. ఆ ముక్క పట్టుకుని జీవితాంతం వాడాల్సిన మందు మొదలుపెట్టడం సబబు కాదు.

చిన్న జాతి కుక్కల్లో వయసు మీద పడ్డాక ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్యనున్న మైట్రల్ కవాటం దళసరెక్కి సరిగ్గా మూసుకోదు. రక్తం వెనక్కి కారి ఎడమ కర్ణిక ఉబ్బుతుంది, ఎడమ జఠరిక సాగుతుంది. కర్ణిక వెడల్పును పక్కనున్న బృహద్ధమని వెడల్పుతో భాగిస్తే 1.6 గానీ అంతకు మించి గానీ వస్తే పెరిగినట్టు. జఠరికకు బరువుతో లెక్క కట్టాలి: నిండుగా ఉన్నప్పటి లోపలి వ్యాసాన్ని (సెం.మీ.) బరువు (కిలోలు) 0.294 ఘాతంతో భాగిస్తే హద్దు 1.7. అంటే 4 కిలోల పామరేనియన్‌కు సుమారు 2.55 సెం.మీ., 30 కిలోల లాబ్రడార్‌కు 4.6. బరువు రాయని కొలత ఎందుకూ కొరగాదనేది ఇందుకే. ఈ రెండు హద్దులూ దాటి, మర్మర్ (రక్తం వెనక్కి కారే చప్పుడు) గట్టిగా వినిపిస్తూ, ఎక్స్‌రేలోనూ గుండె పెద్దదిగా కనిపించి, ఇంకా ఆయాసం రాని కుక్కలకు పిమోబెండాన్ అనే గుండె మందు ఇస్తే గుండె వైఫల్యం సుమారు 15 నెలలు ఆలస్యమవుతుందని 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనం తేల్చింది. హద్దు లోపలున్న కుక్కకు దానివల్ల మేలని రుజువు లేదు.

అసలు తకరారు కొలిచే చోటే. కుక్కను కుడి పక్కకు పడుకోబెట్టి, బల్లకున్న కంతలోంచి కింది నుంచి ప్రోబ్ (స్కానింగు యంత్రంలో ఒంటికి ఆనించే భాగం) పెట్టాలి. అప్పుడే గుండె ఛాతీ గోడ దగ్గరకు జారి, ఊపిరితిత్తి అడ్డు తొలగుతుంది. బొచ్చు గొరగకుండా జెల్ పూస్తే వెంట్రుకల మధ్య గాలి నిలిచి బొమ్మ మసకబారుతుంది. పొట్ట స్కానింగు ప్రోబ్ పక్కటెముకల సందులో ఇమడదు, నీడలు పడతాయి. తల చిన్నదైన ఫేజ్డ్ అరే ప్రోబ్ కావాలి. కర్ణికను కొలవాల్సింది బృహద్ధమని కవాటం మూసుకున్న వెంటనే వచ్చే ఫ్రేములో. కర్ణికలోకి తెరుచుకునే పుపుస సిర నోట్లోకి కాలిపర్ (తెర మీద కొలిచే గుర్తు) జారిందా, లేని పెరుగుదల ఉన్నట్టు వస్తుంది. జఠరికలో ఎం-మోడ్ (ఒకే గీత వెంట కదలికను చూపే పద్ధతి) గీత, గోడ నుంచి లోపలికి పొడుచుకొచ్చిన పాపిల్లరీ కండరం మీదుగా పోతే గది ఉన్నదానికన్నా చిన్నదిగా, ఏటవాలుగా పడితే పెద్దదిగా తేలుతుంది. కదులుతోందని జైలజిన్ అనే మత్తుమందు ఇచ్చి తీసిన ఎకోను లెక్కలోకి తీసుకోకూడదు: గుండె నెమ్మదిస్తుంది, సంకోచ శాతం (కొట్టుకున్నప్పుడు జఠరిక వ్యాసం ఎంత శాతం తగ్గుతుందో ఆ లెక్క) పడిపోతుంది.

ఆ శాతం గురించీ ఒక మాట. మైట్రల్ లీకున్న కుక్కలో అది 45, 50 ఉంటే గుండె భేషుగ్గా ఉందని కాదు; ఒత్తిడి తక్కువున్న కర్ణికలోకి రక్తం తేలిగ్గా పోతోంది కాబట్టి అలా వస్తుంది. డాబర్‌మాన్ సంగతి వేరు. దానిలో కండరమే బలహీనపడి గది సాగుతుంది. అంతకు ముందే లయ తప్పడం మొదలవ్వచ్చు గనుక 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించే ఈసీజీ యంత్రం) పెట్టకుండా ఎకో ఒక్కటే చూసి ధైర్యం చెప్పకూడదు.

పామరేనియన్ల దగ్గుకు శ్వాసనాళం చదునుకావడమూ కారణం కావచ్చు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందో లేదో ఎక్స్‌రే చెప్పాలి. గాఢనిద్రలో నిమిషానికి 30 దాటి శ్వాస తీస్తుంటే ఆ రోజే చూపించాలి.

తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాలు కలిసి ఒక నమూనా రిపోర్టు ఫారం తయారుచేయాలని మనవి. అందులో బరువు, గుండె వేగం, పై రెండు నిష్పత్తులు, సంకోచ శాతం, మత్తు ఇచ్చారా లేదా, కొలిచిన ఫ్రేముల బొమ్మలు తప్పక ఉండాలి. ఆరు నెలలకు మరో డాక్టరు ఎకో చేసినా పాత ఫ్రేము పక్కన పెట్టి పోల్చుకోగలగాలి.

— ఒక పశువైద్యుడు, హైదరాబాద్