బిష్కెక్‌లో మమ్మల్ని ఆదుకున్న వాళ్లందరికీ కృతజ్ఞతలు

మా ఆవిడ కాలి కట్టు మొన్న విప్పేశారు. కర్ర లేకుండానే ఇల్లంతా తిరుగుతోంది. ఫోన్ చేసి అడిగిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయి కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో మెడిసిన్ చదువుతోంది. మే నెలలో చూసొద్దామని వెళ్లాం. రోడ్ల పక్కన చెట్లు, వాటి మొదళ్లకు నీళ్లు పారే కాలువలు, దక్షిణం వైపు తలెత్తితే మంచు కొండలు. ఊరు బాగా నచ్చింది. ఆలా-తూ చౌక్‌లో గుర్రమెక్కిన మనాస్ (కిర్గిజ్‌ల వీరగాథలోని నాయకుడు) విగ్రహం చూశాం. అక్కడే ఉండే లెనిన్‌ను 2003లో మ్యూజియం వెనక్కి జరిపారట, పడగొట్టలేదు. ఓష్ బజార్‌లో మా ఆవిడ కాలిక్యులేటర్ మీద అంకెలు నొక్కుతూ ఎండు ఆప్రికాట్లు బేరమాడింది. వీధి చివర పీపాల్లో అమ్మే మక్సిమ్ (వేయించిన ధాన్యంతో పులియబెట్టే పానీయం) ఒక్క గుక్క తాగి గ్లాసు నాకిచ్చేసింది. నాకు మాత్రం మన తరవాణి గుర్తొచ్చింది.

అన్నీ బాగున్నాయనుకునేలోపే ఆలా-అర్చాలో కాలు జారింది. ఊరికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న నేషనల్ పార్క్ అది. అక్-సాయ్ జలపాతం దారిలో మంచు కరిగి నేలంతా తడి. పడిన కాసేపటికే చీలమండ వాచిపోయింది. ఫోన్ సిగ్నల్ లేదు, ట్యాక్సీ దొరికే చోటు కాదు. నాకు టెన్షన్‌తో చేతులు వణికాయి.

కింద గడ్డి మీద దుప్పటి పరచుకుని భోంచేస్తున్న ఒక కుటుంబం మా అమ్మాయి కేకలు విని పైకొచ్చింది. వాళ్లలో పెద్దావిడ తన తలగుడ్డ విప్పి, రెండు పుల్లలు ఆనించి కాలికి కట్టేసింది. ఆమె కొడుకు మా ఆవిడను వీపు మీద ఎక్కించుకుని కిందికి దించాడు. తినే తిండి సగంలో వదిలేసి, వాళ్ల హోండా ఫిట్‌లో మమ్మల్ని నేరుగా ఆసుపత్రికి చేర్చారు. డబ్బివ్వబోతే అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. పైగా దారిలో తినమని బూర్‌సోక్‌లు (నూనెలో వేయించిన పిండి ముక్కలు) సంచినిండా ఇచ్చారు. వాళ్ల పేర్లయినా అడగలేకపోయాం.

ఎక్స్‌రేలో సన్నని పగులు కనిపించింది. కట్టు వేశారు. అమ్మాయి ఉండేది సోవియట్ కాలం నాటి అయిదంతస్తుల బిల్డింగు, లిఫ్టు లేదు, ఇల్లేమో నాలుగో అంతస్తులో. కడప, కరీంనగర్, శ్రీకాకుళం పిల్లలు ముగ్గురు క్లాసులయ్యాక వచ్చి, మా ఆవిడను వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. ఒకడు ముందుండి వెనక్కి నడుస్తూ "మలుపు, మలుపు... ఆంటీ, చెయ్యి లోపలికి" అని అరుస్తుంటే మిగతా ఇద్దరూ మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కించారు. చెకప్‌కి మళ్లీ దించిందీ, ఎక్కించిందీ వాళ్లే. పరీక్షలు దగ్గరపడ్డ పిల్లలు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

కింది అంతస్తు ముసలావిడను అందరూ ఆపా అంటారు. బిష్కెక్‌లో చాలా ఇళ్లకు వేడినీళ్లు పైపుల్లోనే వస్తాయి. ఏటా వేసవి మొదట్లో పైపుల రిపేర్ల కోసం కొన్ని వారాలు ఆపేస్తారు. మేమున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆవిడ ఇంట్లో సొంత బాయిలర్ ఉంది. పొద్దున్నే బకెట్ నింపి, మూత పెట్టి, తనే మోసుకొచ్చేది. నేను అందుకోబోతే చేతి మీద ఒక్కటి తట్టేది! తర్వాత వేడి రొట్టె, చెర్రీ జామ్. ఆవిడ కిర్గిజ్‌లో, మా ఆవిడ తెలుగులో గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరికీ అర్థమైందట.

తిరుగు ప్రయాణంలో వీల్‌చెయిర్ దగ్గర పెద్ద గొడవే అయింది, అది ఇక్కడెందుకు లెండి.

కడప, కరీంనగర్, శ్రీకాకుళం పిల్లల తల్లిదండ్రులు ఇది చదివితే, మీ పెంపకానికి మా ఇద్దరి నమస్కారాలు. సెలవులకు వచ్చిన పిల్లలు ఆగస్టు చివర్లో తిరిగి వెళ్తారు కదా, వాళ్లలో ఎవరి లగేజీలోనైనా రెండు కిలోల చోటుంటే చెప్పండి. ఆపాకు మంగళగిరి శాలువా, ఆ ముగ్గురు పిల్లలకు గోంగూర పచ్చడి పంపాలి.