ఒరే గురూ, ఈ ఏడు చదివిన మాయలూ మంత్రాలూ

విజయనగరం
ఆదివారం పొద్దున్న

ఒరే గురూ,

పార్సిల్ ఇంకా కట్టలేదు. ముందు ఉత్తరం, తర్వాత పుస్తకాలు. పోయినసారి ఉత్తరం లేకుండా పుస్తకం పంపితే ఏడాదంతా అది మీ ఫ్రిజ్ మీద కూరగాయల సంచి కింద పడుందని చెల్లెమ్మ చెప్పింది. అందుకని ఈసారి నిన్ను కాస్త ఊరించి మరీ పంపుతాను.

ఈ ఏడు నేను చదివినవన్నీ పిల్లల నవలలే. నవ్వకు. బొమ్మల పుస్తకాలు కావు, పన్నెండు పదమూడేళ్ళు దాటినవాళ్ళ కోసం రాసే మాయల నవలలు. యంగ్ అడల్ట్ ఫాంటసీ అంటారని మా మేనకోడలు బుజ్జి రెండుసార్లు చెప్పి, మూడోసారి కాగితం మీద రాసిచ్చింది. తొమ్మిదో తరగతికి మా ఇంటికొచ్చి చేరింది కదా. బట్టల పెట్టె చిన్నది, పుస్తకాల పెట్టె పెద్దది. షాపులో జిరాక్సు మిషన్ వేడెక్కి మొరాయించినప్పుడల్లా ఒకటి తిరగేస్తూ కూర్చున్నాను. దసరా నాటికి పరిస్థితి ఎంతవరకూ వచ్చిందంటే, కాలేజీ కుర్రాడెవడో హాల్ టికెట్ పట్టుకొచ్చి నిలబడితే "ఉండు నాయనా, ఈ చాప్టర్ అయిపోనీ" అన్నాను. వాడు పక్క షాపుకి పోయాడు.

అన్నిట్లోకీ నచ్చినదాని గురించి ముందే చెప్పేస్తాను, దాచుకోలేను. ఉర్సులా లె గ్విన్ రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. 1968 నాటిది, మనిద్దరికంటే పెద్దది. అంతా సముద్రం, మధ్యలో దీవులే దీవులు. గాంట్ అనే కొండదీవిలో మేకలు కాసే కుర్రాడు గెడ్. గుడిసె కప్పెక్కిన మేకని వాళ్ళ పిన్ని ఏదో మాటతో కిందికి దింపడం విని, తర్వాత కొండ మీద అదే మాట గట్టిగా అరుస్తాడు. మేకలన్నీ పరుగెత్తుకొచ్చి చుట్టుముట్టేస్తాయి. వదలవు. వాడి ఒంటికి ఒత్తుకుని, పసుపు కళ్ళతో వాణ్ణే చూస్తూ, వాడితోపాటే ఊళ్ళోకి దిగుతాయి. వాడు ఏడుస్తున్నాడు. పిలవడం వచ్చు, పొమ్మనడం రాదు. నవలంతా ఆ మేకల దగ్గరే ఉంది గురూ. తర్వాత వాడు రోక్ దీవిలో మంత్రాల బడికెళ్ళి, తోటి కుర్రాడి మీద పంతంతో చచ్చినవాళ్ళని పిలవబోయి, ఓ నీడని ఈ లోకంలోకి వదిలేస్తాడు. అక్కడా అదే తప్పు.

ఆ దీవుల్లో ప్రతివాళ్ళకీ రెండు పేర్లు. ఒకటి అందరూ పిలిచేది, ఇంకోటి అసలుది. అసలు పేరు తెలిస్తే మనిషి మన చేతిలో ఉన్నట్టే. కాబట్టి ప్రాణంగా నమ్మినవాళ్ళకి తప్ప చెప్పరు. ఓ రాత్రి కరెంటు పోతే, ఎమర్జెన్సీ లైటు దగ్గర కూర్చుని ఈ భాగం తెలుగులో చెప్తూ చదువుతున్నాను. "పేరు తెలిస్తే ఏం చేసేస్తారు మావయ్యా?" అంది బుజ్జి. నేనేదో లాజిక్ చెప్పబోయేలోగా, పక్కన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అమ్మ అందుకుంది. "మరేటి? పేరంటే నోటికొచ్చినప్పుడల్లా అనీడానికేనా?"

అమ్మ సంగతి నీకు తెలుసుగా. నాన్న పోయి పదకొండేళ్ళయినా ఆయన పేరు ఇప్పటికీ పలకదు. ఏ ఆఫీసులోనైనా భర్త పేరడిగితే నా మోచెయ్యి పొడుస్తుంది, నేను చెప్పాలి. ఓసారి నేను పక్కన లేను. గోడ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు చూపించి "ఆ బాబు పేరే" అందట. ఆ గుమాస్తా భక్తిగా 'బాలాజీ' అని రాసుకున్నాడు. ఆ కాగితం సరిచేయించడానికి నాకు మూడు నెలలు పట్టింది. లె గ్విన్ ఎక్కడో అమెరికాలో కూర్చుని రాసిందిగానీ, మా అమ్మకి మాత్రం ఒక్క ముక్క విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకో మాట నిన్నే గుర్తుచేసింది. బడిలో గురువు ఒకాయన అంటాడు, రోక్‌లో వాన కురిపిస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చు, తూర్పున గాలిని ఆపితే పడమట తుఫాను పుట్టొచ్చు అని. 2018 అక్టోబరు 11, తిత్లీ తుఫాను. కవిటిలో మీ తోటకి మర్నాడు మనిద్దరం వెళ్ళాం. నిలబడ్డ కొబ్బరిచెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మీ నాన్నగారు పడిపోయిన చెట్టు మీదే కూర్చుని మనకి బొండాలు కొట్టిచ్చారు. ఆ వారమంతా నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే, ఆ గాలిని కాస్త పైకి నెట్టేస్తే నీ సొమ్మేం పోయేదని. పైకి అంటే ఎక్కడికి? బరంపురం వైపుకి. అక్కడా తోటలే, అక్కడా ఎవరి నాన్నో. నాకు ఈ ఆలోచన రావడానికి ఇన్నేళ్ళు పట్టింది చూడు.

గెడ్‌కి వెచ్ అని ఓ స్నేహితుడుంటాడు. గెడ్ మొహం మీద మచ్చలతో, తల ఎత్తలేక, ఎవరితో మాట్లాడలేక ఉన్న రోజుల్లో వచ్చి, వెళ్ళేముందు తన అసలు పేరు చెప్పేస్తాడు. ఎవడూ అడగలేదు. పుస్తకం మూసి చాలాసేపు బయట అరుగు మీద కూర్చున్నాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

సరే, ఏడిపించడం చాలు. రెండోది టెరీ ప్రాచెట్ 'ద వీ ఫ్రీ మెన్', 2003. తొమ్మిదేళ్ళ టిఫనీ. గొర్రెల పెంపకం ఇల్లు, వెన్న తీస్తుంది, జున్ను చేస్తుంది. ఏట్లోంచి ఓ దెయ్యం లేచి మీదికొస్తుంది. దాని కళ్ళు సూపు పళ్ళేలంత ఉంటాయని కథల పుస్తకంలో రాసుంది. ఈ పిల్ల ఏం చేస్తుందో తెలుసా? ఇంట్లో సూపు పళ్ళెం కొలుస్తుంది. ఎనిమిది అంగుళాలు. తర్వాత తమ్ముణ్ణి ఎరగా కూర్చోబెట్టి, దెయ్యం పైకి లేవగానే ఇనప పెనంతో ఒక్కటిస్తుంది! బుజ్జి వెంటనే స్కేలు తెచ్చి మా స్టీలు కంచం కొలిచింది. పదకొండు అంగుళాలొచ్చింది. మన దెయ్యాలు ఇంకా పెద్దవని తేల్చింది.

ఆ టిఫనీకి ఓ నాయనమ్మ ఉండేది, గొర్రెల కాపరి. కథ మొదలయ్యేసరికే పోయింది. మంత్రగత్తె అని ఎవరూ అనలేదు, ఆవిడా అనుకోలేదు. పైపు పొగాకు వాసన, గొర్రెల వాసన, అంతే. నాకు పొగాకు వాసన అంటే టెక్కలి అమ్మమ్మే. అడ్డపొగ తాగేది, గుర్తుందా? చుట్ట వెలిగించిన కొస నోట్లోకి పెట్టుకుని, అలాగే మనిద్దర్నీ తిట్టేది. నిప్పు మింగే మనిషని నువ్వు రెండు రోజులు దగ్గరికి రాలేదు. ఆ చుట్టే చివరికి అంగిట్లో పుండై ఆవిణ్ణి తీసుకుపోయింది. ఇంగ్లీషు నవల చదువుతుంటే అమ్మమ్మ వాసన రావడమేమిటో, నాకైతే అర్థం కాలేదు.

వీటిల్లో కొన్ని నాకు ఎందుకు నచ్చాయో, కొన్ని ఎందుకు నచ్చలేదో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. కథలో ఎంత మాయైనా ఉండనీ, ఎవరో ఒకరు గిన్నెలు కూడా తోమాలి. పుట్టుకతోనే లోకాన్ని ఉద్ధరించే పిల్ల, ఎప్పుడూ ఆకలెయ్యదు, జడ చెదరదు, అలాంటివి మూడో నాలుగో మొదలుపెట్టి పక్కన పడేశాను. పేర్లు చెప్పను, బుజ్జికి వాటిలో ఒకటి ప్రాణం.

డయానా విన్ జోన్స్ 'హౌల్స్ మూవింగ్ కాజిల్' (1986) మాత్రం ఇల్లు ఊడ్చేవాళ్ళ నవల. సోఫీ టోపీల కొట్లో కూర్చుని టోపీలకి కబుర్లు చెప్తుంటే అవి నిజమైపోతుంటాయి. ఓ మంత్రగత్తె శపిస్తే ఒక్క క్షణంలో పండు ముసలిదైపోతుంది. ఏడవదు. ఇంక ఎవరికీ జడవక్కర్లేదని హౌల్ అనే మాంత్రికుడి కోటలో దూరి, చీపురు పట్టుకుంటుంది. పొయ్యిలో ఉండే నిప్పు భూతం కూడా ఆవిడ కసిరితే తల వంచి పెనం పెట్టించుకుంటుంది. ఇక ఆ హౌల్, అచ్చం నువ్వే. జుట్టు రంగు తేడా వచ్చిందని ఇల్లంతా ఆకుపచ్చ జిగురు పారించి ఏడుస్తాడు. నీ పెళ్ళికి ముందురోజు హెయిర్ డై సంగతి నేను చెల్లెమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. మియజాకీ 2004లో తీసిన సినిమా చూసేశానని తప్పించుకోకు, సగం నుంచి రెండిటి దారులూ వేరు.

టోమీ అడెయెమీ 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్' (2018) సగం నచ్చింది. నీళ్ళ మీద తేలే పల్లె, చేపలు పట్టే నాన్న, పన్ను కట్టడానికి పెద్ద చేపని పట్నానికి మోసుకెళ్ళి అమ్మే అమ్మాయి. మంత్రాలు యోరుబా భాషలోనే ఉంచేసింది, ఎవరికోసమూ విప్పి చెప్పలేదు. ఆ ధైర్యం నచ్చింది. తర్వాత తన జాతిని చంపించిన రాజు కొడుకుతోనే ప్రేమ మొదలైంది. అక్కణ్ణుంచి బండి నా చేత తోయించుకుంది.

రోషనీ చోక్షీ 'అరూ షా' ఇంకా చిన్నపిల్లలది. పాండవులు ఈ కాలపు ఆడపిల్లలై పుడతారు. భీముడు ఆడపిల్లంటే అమ్మ పగలబడి నవ్వింది. అంతకుమించి రాయడానికేం లేదు.

ఇవన్నీ చదివి బుజ్జి కూడా ఓ నోట్‌బుక్కు మొదలెట్టింది. మొన్న పైడితల్లమ్మ పండక్కి సిరిమాను చూడ్డానికి మూడు లాంతర్ల సెంటర్ దగ్గర గంటలకొద్దీ నిలబడ్డాం. ఏ చెట్టు సిరిమాను కావాలో అమ్మవారు కలలో పూజారికి చెప్తుందని, ఆ మాను కొసన ఆయన గాల్లో కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడని చెప్తే, "మావయ్యా, ఇది నేను కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు" అంది. దాని కథలో హీరోయిన్ ఆ రోజు జనం విసిరే అరటిపళ్ళు అమ్ముతుంది. మొదటి చాప్టర్ చదివాను. పండగ రోజున డజను ముప్పై రూపాయలని రాసింది. కొట్టేయించాను.

చందమామ కట్టలు కూడా అటక మీంచి దింపాను, దానికోసమే. 'తోకచుక్క', 'పాతాళదుర్గం', 'రాకాసిలోయ'. చిత్ర గారి బొమ్మల్లో ఆ కొమ్ముల కిరీటాలూ, మొసలి మొహాలూ చూసి నోరు తెరిచేసింది. ఎవరు రాశారని అడిగింది. పేజీ అంతా వెతికింది, పేరుండదు కదా. దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ళ తరబడి పేరు లేకుండానే రాశారు, మనమూ పేరు తెలీకుండానే నెలనెలా ఎదురుచూశాం. "అయితే ఆయన ఎర్త్‌సీ మనిషే" అంది బుజ్జి.

పార్సిల్ మంగళవారం పంపుతాను. సోఫీదీ, టిఫనీదీ ఉంచేసుకో. ఎర్త్‌సీ మాత్రం రథసప్తమికి అరసవల్లి వచ్చినప్పుడు తిరిగి తెచ్చెయ్యాలి. అందులో నలభయ్యో పేజీ దగ్గర పసుపు మరక ఉంటుంది, అది అమ్మ వేలిది, తుడవకు. ఫ్రిజ్ మీద పెట్టకు. చదువుతూ మధ్యలో ఫోన్ చెయ్యి, కానీ రెండు నుంచి నాలుగు మధ్య వద్దు, ఆ టైములో షాపులో ఎవరూ ఉండరు, నేను చదువుకుంటుంటాను.

ఇట్లు
నువ్వు పెట్టిన పేరుగలవాణ్ణి
(ఇక్కడ రాయను, బుజ్జి భుజం మీంచి చూస్తోంది)