నాన్నా, నల్లరాళ్లూ

ఒరేయ్ చంటీ,

నీ ఉత్తరానికి జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, ఏమనుకోకు. తిట్లన్నీ దాచిపెట్టుకో, కలిసినప్పుడు తిడుదువుగాని. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయి. చెల్లి సంబంధం ఇంకా తేలలేదు, అదంతా తర్వాత.

అసలు సంగతి నాన్నది. కృష్ణుడి దర్శనానికని ఆయన్ని ఉడుపి తీసుకొచ్చాను. పక్కనే మల్పె రేవు నుంచి సెయింట్ మేరీస్ దీవులకి బోట్లు వెళ్తాయంటే ఎక్కించాను. తీరం వెంబడే వరసగా నాలుగు చిన్న దీవులు. వానాకాలంలో బోట్లు ఆపేస్తారట, మా అదృష్టం, ఇప్పుడు నడుస్తున్నాయి. "సముద్రం చూడ్డానికి ఇంత దూరం రావాలా, మనకి అంతర్వేది లేదూ?" అని దారంతా గొణుగుడే. అదే మొహం, టీ చల్లారిన మొహం, నీకు తెలుసుగా!

కొబ్బరిచెట్ల దీవిలో దిగామో లేదో, ఆ మొహం మారిపోయిందిరా.

ఒడ్డు పొడుగునా నల్లటి రాతి స్తంభాలు. ఒకదాన్నొకటి ఒరుసుకుని గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నాయి. ఎక్కువగా ఆరు పలకలవి, అక్కడక్కడ ఐదు, ఏడు. పంగిడి క్వారీలో జీవితమంతా రాయి కొట్టిన మనిషి కదా, నేరుగా ఒక స్తంభం దగ్గరికెళ్లి గొంతుక్కూర్చున్నాడు. అంచు మీద బొటనవేలు ఆనించి పైనుంచి కిందికి మెల్లగా జరిపాడు. సెలవుల్లో మనం కొట్టిన రాళ్లు ఎలా చూసేవాడో, అచ్చం అలాగే. తర్వాత కణుపులతో తట్టి చెవి పెట్టాడు.

"ఉలి దెబ్బ ఏదిరా?" అన్నాడు.

ఎవరూ చెక్కలేదు నాన్నా అంటే నమ్మడే! కరిగిన లావా చల్లారుతూ కుంచించుకుపోయి, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిచ్చి, ఆ నెర్రెలే కిందిదాకా దిగి ఇలా స్తంభాలయ్యాయని చెప్పాను. ఆ రాయి వయసు దాదాపు 8 కోట్ల 80 లక్షల ఏళ్లు. మడగాస్కర్ మన దేశం నుంచి విడిపోతున్న కాలంలో పైకి తన్నుకొచ్చిన లావా అది. మన పంగిడి, కాటేరు రాయి కూడా లావాదే, కాకపోతే దీనికంటే 2 కోట్ల ఏళ్ల పైచిలుకు చిన్నది.

"అయితే మన రాయికి ఇది పెద్దన్నన్నమాట!" అన్నాడు. అంతే, ఇక పట్టపగ్గాల్లేవు. ఒక్కో స్తంభం దగ్గరా ఆగి పలకలు లెక్కపెట్టడమే. 1498లో వాస్కోడగామా ఇక్కడ దిగాడంటారని చెప్పాను, ఆయనకి చెవికెక్కితేనా! నువ్వుంటే "ఆరోది నాది" అని అరిచేవాడివి. నేననకముందే నాన్న అన్నాడు, ఇద్దరం పడీపడీ నవ్వాం.

కాసేపటికి మాత్రం, చంటీ, చేతులు చూసుకుంటూ కూర్చుండిపోయాడు. "నేను కొట్టిందంతా కంకరైపోయిందిరా. ఒక్కటైనా ఇలా నిలబడలేదు." ఏం చెప్పమంటావు? ఆ కంకర మీదే నా చదువు, చెల్లి చదువు... అందామనుకున్నాను గానీ గొంతు పెగల్లేదు. పక్కన కూర్చున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బోటులో ఇంకో మాటన్నాడు... ఆటో వచ్చేసింది, రైలుకి టైమైపోతోంది. సంక్రాంతికి రా, ఆయన నోటే విందువుగాని.

నీ
రాంబాబు